తిప్పతీగ, రక్తకణాలు, రోగనిరోధక శక్తి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానలు పడి దోమలు పెరిగే నెలల్లో ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో తిప్పతీగ ప్రస్తావన తప్పకుండా ఉంటుంది. గుంటూరు, విజయవాడల నుంచి ఈసారి అందిన వాటిలో ఒకదానితో ఒకటి ముడిపడిన ఐదింటిని ఎంచుకొని, ఔషధశాస్త్రం బోధించే వ్యక్తిగా జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి డెంగీ వచ్చింది. జ్వరం మొదలైన మూడో రోజున 1,10,000 ఉన్న ప్లేట్‌లెట్లు ఐదో రోజుకు 42,000కు పడిపోయాయి. ఆసుపత్రిలో సెలైన్ పెట్టి కనిపెట్టుకొని ఉన్నారు. మా అత్తగారు ఆ సాయంత్రం నుంచే బొప్పాయి ఆకు రసం, తిప్పతీగ కషాయం రెండు పూటలా పట్టించారు. ఎనిమిదో రోజుకు 1,35,000 అయ్యాయి. డాక్టరు గారు మాత్రం అవి వాటంతట అవే పెరుగుతాయని అన్నారు. కళ్లెదుట జరిగినదాన్ని కాదంటే ఎలా? దీన్ని తేల్చే పరీక్ష ఏదైనా ఉందా?
(ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ముందుగా, మీ అబ్బాయి కోలుకున్నందుకు సంతోషం. మీ కళ్లెదుట ప్లేట్‌లెట్లు పెరిగాయన్న మాటను ఎవరూ కాదనరు. అవి కషాయం వల్ల పెరిగాయా, కషాయం తాగుతున్న రోజుల్లో పెరిగాయా అన్నది మాత్రం ఒక్క మనిషి రిపోర్టులు చూసి చెప్పలేము.

డెంగీ వైరస్ ఎముక మూలుగ పనిని కొద్ది రోజులు మందగింపజేస్తుంది. దానికి తోడు శరీరంలో పుట్టిన ప్రతిదేహాలు ఉన్న ప్లేట్‌లెట్లను నాశనం చేస్తాయి. అందువల్ల మూడు, నాలుగు రోజుల నుంచి సంఖ్య దిగుతూ వచ్చి, జ్వరం విడిచే సమయానికి, అంటే సుమారుగా ఐదు నుంచి ఏడో రోజు మధ్య, అట్టడుగుకు చేరుతుంది. ఆ తర్వాత మూలుగ తేరుకుంటుంది. చాలామందిలో రెండు మూడు రోజులు తిరిగేసరికి సంఖ్య లక్ష దాటుతుంది. ఇళ్లలో ఆకు రసం మొదలుపెట్టేది రిపోర్టు భయపెట్టిన రోజున. ఆ రోజు సాధారణంగా సంఖ్య మళ్లీ లేవబోయే ముందు రోజే అయి ఉంటుంది. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువకు నీళ్లు వదిలిన రోజునే మోటారు వేసిన రైతు, మడి మోటారు వల్లే నిండిందో కాదో తెలుసుకోవాలంటే, మోటారు వేయని పక్క మడి వైపు చూడక తప్పదు. మందుల పరీక్షలో ఆ పక్క మడినే పోలిక బృందం అంటాము.

మీరు అడిగిన పరీక్ష, బొప్పాయి ఆకు విషయంలో ఒకటి జరిగింది. మలేసియాలో 228 మంది డెంగీ రోగులను చీటీలు వేసిన పద్ధతిలో రెండు బృందాలుగా విడదీసి, ఒక బృందానికి మామూలు వైద్యంతో పాటు 50 గ్రాముల తాజా ఆకుల రసం రోజుకు ఒకసారి చొప్పున మూడు రోజులు ఇచ్చారు. రెండో బృందానికి మామూలు వైద్యం మాత్రమే చేశారు. 2013లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, 40 గంటలు, 48 గంటల తర్వాత రసం తాగిన వారిలో ప్లేట్‌లెట్ల పెరుగుదల స్పష్టంగా ఎక్కువగా కనిపించింది. దీన్ని తోసిపుచ్చడం న్యాయం కాదు. అయితే ఎవరు రసం తాగుతున్నారో రోగులకూ వైద్యులకూ తెలుసు. పైగా ఆ పరీక్ష కొలిచినది ప్లేట్‌లెట్లనే తప్ప, ప్రాణాపాయం తగ్గిందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పేంత పెద్దది కాదు. మీ ఇంట్లో రెండు మూలికలూ కలిపి ఇచ్చారు కనుక, వాటిలో ఏది పనిచేసిందో విడదీసే మార్గమూ మీ అబ్బాయి రిపోర్టులలో లేదు.

ఇక్కడ ఒక సంగతి నొక్కి చెప్పాలి. డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ప్లేట్‌లెట్ల లోటు కాదు. రక్తనాళాల గోడల నుంచి ప్లాస్మా బయటికి కారి, రక్తం చిక్కబడి, రక్తపోటు పడిపోవడమే అసలు ప్రమాదం. అందుకే మీ డాక్టరు గారు రిపోర్టులో పీసీవీ (రక్తంలో ఎర్రకణాల వంతు) అన్న వరుసను మళ్లీ మళ్లీ చూసి ఉంటారు; అది అకస్మాత్తుగా పెరిగితే అప్రమత్తం కావాలి. రక్తస్రావం లేని రోగికి సంఖ్య 10,000 కంటే ఎక్కువ ఉన్నంతవరకు సాధారణంగా ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర లేదు. మరొక మాట: డెంగీలో ఆగని వాంతులు ప్రమాద సూచన. చేదు రసం పట్టించినప్పుడు అయ్యే వాంతి ఏ కారణంగా అయిందో వైద్యుడికి అర్థం కాకుండా పోతుంది. ఆసుపత్రిలో ఉన్న రోగికి ఏమి పట్టిస్తున్నా, ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి.

రిపోర్టు సంఖ్యను కూడా కొంచెం అనుమానంగానే చూడాలి. రక్తం తీసే ఊదా రంగు మూత గొట్టంలో గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే పదార్థం ఉంటుంది. కొందరి రక్తంలో ఆ పదార్థం తగలగానే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకొని గుంపులు కడతాయి. యంత్రం ఆ గుంపును ప్లేట్‌లెట్‌గా గుర్తించక వదిలేస్తుంది, కాగితం మీద సంఖ్య తక్కువగా పడుతుంది. గాజు పలక మీద రక్తాన్ని పలుచగా పరచి సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ గుంపులు ఇట్టే కనిపిస్తాయి. రోగి హుషారుగా ఉండి సంఖ్య మాత్రం బాగా తక్కువగా వచ్చినప్పుడు, స్లయిడు చూశారా అని అడగడం మీ హక్కు.

ప్రశ్న: మేము విజయవాడలో బీఫార్మసీ చివరి సంవత్సరం చదువుతున్నాము. తిప్పతీగ రక్తకణాల మీద, రోగనిరోధక శక్తి మీద చూపే ప్రభావాన్ని ఎలుకలలో పరీక్షించాలనుకుంటున్నాము. కృష్ణ కరకట్ట పక్కన తుప్పల మీద పాకిన తీగను కోసి తెచ్చి ఎండబెట్టాము కూడా. తరువాత ఏం చేయాలి?
(ముగ్గురు విద్యార్థులు, విజయవాడ)

జవాబు: ఎండబెట్టిన ముక్కలను పక్కన పెట్టి, ఆకులూ వీలైతే పూలూ ఉన్న పచ్చి తీగను మళ్లీ తెచ్చుకోండి. అది తిప్పతీగేనని వృక్షశాస్త్రవేత్త చేత ధ్రువీకరించుకొని, ఒక కొమ్మను హెర్బేరియంలో (ఎండు మొక్కల నమూనాలు దాచే చోట) సంఖ్య వేయించి భద్రపరచాలి. మీకు కావలసినది టినోస్పోరా కార్డిఫోలియా. దాని ముదురు కాండం మీద పలుచని కాగితం వంటి తొక్క ఉంటుంది, గోరుతో గీరితే ఆ పొర లేచి కింద పచ్చదనం కనిపిస్తుంది. కాండాన్ని అడ్డంగా కోస్తే బండిచక్రపు ఆకుల వలె గీతలు కనిపిస్తాయి. కొమ్మల నుంచి దారాల వంటి వేళ్లు కిందికి వేలాడుతాయి. దీని దగ్గరి చుట్టం టినోస్పోరా క్రిస్పా. దాని కాండం నిండా బుడిపెలు ఉంటాయి, కోస్తే పాల వంటి స్రావం వస్తుంది. ఈ రెండింటినీ ఒకటిగా భావించి వాడే ప్రమాదం గురించి ఆయుష్ మంత్రిత్వ శాఖ కూడా హెచ్చరించింది. తీగ ఏదో తేలకుండా చేసిన ప్రయోగానికి ఎంత చక్కని గణాంకాలు జోడించినా ప్రయోజనం లేదు.

తరువాత కషాయం. సంప్రదాయంలో నీటితో కాచి తాగుతారు కనుక నీటి సారాన్నే పరీక్షించండి. ఆల్కహాలు సారంతో వచ్చిన ఫలితాన్ని ఇంటి కషాయానికి ఆపాదించడం మన ప్రాజెక్టు నివేదికలలో తరచుగా కనిపించే లోపం. హెచ్‌పీటీఎల్‌సీ పలక (సారంలోని రసాయనాలను విడదీసి చూపేది) మీద టినోస్పోరాసైడ్, కార్డిఫోలియోసైడ్ వంటి గుర్తింపు రసాయనాలు ఉన్నాయో లేదో చూసుకోండి. రోడ్డు పక్కన, మురుగు పక్కన పెరిగిన తీగలో భార లోహాలు చేరవచ్చు. సీసం పది లక్షల భాగాలకు 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 భాగాలకు మించకూడదన్నది మూలికా ఔషధాలకు పాటించే పరిమితి. ఈ లోహాలు కూడా రక్తకణాల మీద ప్రభావం చూపగలవు కనుక, ఈ మెట్టును దాటవేస్తే మీరు చివరికి తీగను పరీక్షించారో సీసాన్ని పరీక్షించారో తెలియదు.

ఎలుకను ముట్టుకునే ముందు మీ కళాశాలకు జంతు ప్రయోగాలకు నమోదు ఉండాలి, సంస్థాగత జంతు నైతిక సంఘం మీ పథకాన్ని రాతపూర్వకంగా ఆమోదించాలి. ఇది లాంఛనం కాదు. ఎన్ని జంతువులు అవసరం, వాటికి నొప్పి తెలియకుండా ఏం చేస్తారు, ఇదే ప్రశ్న ముందే తేలిపోయిందా అన్నవి అక్కడ మీకు ఎదురయ్యే ప్రశ్నలు, వాటికి నిజాయితీగా జవాబు చెప్పగలగాలి.

ఇక ప్రయోగం. ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు కషాయం పట్టి తెల్లకణాలు కాస్త పెరిగాయని చూపడం వల్ల తేలేది తక్కువ. సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సర్ మందు మూలుగను అణచివేస్తుంది. ఆ మందు ఇచ్చిన ఎలుకలలో తిప్పతీగ రక్తకణాల పతనాన్ని ఆపగలదా, తిరిగి లేవడాన్ని త్వరపరచగలదా అని చూడవచ్చు. ఏమీ ఇవ్వని బృందం, ఆ మందు మాత్రమే ఇచ్చిన బృందం, మందుతో పాటు రెండు మోతాదులలో సారం ఇచ్చిన బృందాలు, రోగనిరోధక స్పందనను పెంచుతుందని తెలిసిన లెవామిసోల్ వంటి ఔషధం ఇచ్చిన బృందం ఉండాలి. ఏ ఎలుక ఏ బృందంలోకి వెళ్లాలో చీటీ తేల్చాలి, లెక్కపెట్టే వ్యక్తికి ఆ వివరం తెలియకూడదు. రక్తాన్ని అన్ని ఎలుకల నుంచీ రోజులో ఒకే వేళకు తీయాలి, ఎందుకంటే గాభరాపడిన ఎలుకలో ఆ కారణంగానే లింఫోసైట్లు అనే తెల్లకణాలు తగ్గుతాయి. ఎలుక రక్తంలో లింఫోసైట్లే ఎక్కువ, మనిషి రక్తంలో న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాలు ఎక్కువ. అందువల్ల ఆసుపత్రి లేబొరేటరీలో మనుషుల కోసం సరిచేసి పెట్టిన యంత్రంలో ఎలుక రక్తం పెడితే వచ్చే విభజనను నమ్మవద్దు. స్లయిడు తీసి కంటితో లెక్కపెట్టండి.

రోగనిరోధక శక్తిని ఒకే కొలతతో పట్టుకోలేము కనుక మూడు వైపుల నుంచి చూడాలి. గొర్రె ఎర్రకణాలను ఎలుకకు ఎక్కించి, దాని రక్తరసాన్ని రెట్టింపు రెట్టింపుగా పలుచన చేస్తూ, ఎంత పలుచనలో కూడా ఆ కణాలు గుంపు కడుతున్నాయో చూస్తే ప్రతిదేహాల బలం తెలుస్తుంది. అవే కణాలను మళ్లీ పాదంలోకి ఎక్కించి, 24 గంటల తర్వాత వాపు మందాన్ని కొలిస్తే టీ కణాల స్పందన తెలుస్తుంది. సిరలోకి ఎక్కించిన ఇండియా ఇంకు రక్తం నుంచి ఎంత త్వరగా మాయమవుతుందో చూస్తే, మింగే కణాల చురుకుదనం తెలుస్తుంది. అదే రక్తరసంలో కాలేయ, మూత్రపిండ పరీక్షలు కూడా చేసి తీరండి. మేలు కొలిచి కీడు కొలవని పరీక్ష సగం పరీక్షే.

గాజు పాత్రలో పెంచిన కణాల మీద కూడా ప్రయోగం చేసేటట్లయితే ఒక జాగ్రత్త అవసరం. మొక్క సారాలలో బ్యాక్టీరియా శకలాలైన ఎండోటాక్సిన్ తరచుగా కలిసి ఉంటుంది. అది అణుమాత్రం ఉన్నా మింగే కణాలైన మాక్రోఫేజ్‌లు ఉవ్వెత్తున స్పందిస్తాయి, ఆ ఘనత మొక్క ఖాతాలో పడుతుంది. సారంలో ఎండోటాక్సిన్ ఎంత ఉందో ముందుగా కొలుచుకోండి.

చివరగా మోతాదు. ఎలుకకు కిలో బరువుకు 400 మిల్లీగ్రాముల సారం ఇచ్చి ఫలితం వచ్చిందనుకుందాం. మనిషికి సమానమైన మోతాదు కోసం దాన్ని 6.2తో భాగిస్తే కిలోకు సుమారు 65 మిల్లీగ్రాములు, 60 కిలోల మనిషికి సుమారు 3.9 గ్రాముల సారం అవుతుంది. 100 గ్రాముల ఎండు కాండం నుంచి 10 గ్రాముల సారం వచ్చేటట్లయితే, రోజుకు 39 గ్రాముల ఎండు కాండం కాచాలి. మీ నివేదికలో ఈ లెక్క తప్పకుండా రాయండి. రోజుకు రెండు చెంచాల రసం తాగేవారికి మీ ఎలుకల ఫలితం వర్తిస్తుందో లేదో దాన్నిబట్టే తెలుస్తుంది. తేడా ఏమీ కనిపించకపోయినా ఆ సంగతిని అలాగే రాయండి, దాచవద్దు.

ప్రశ్న: మా వీధిలోని లేబొరేటరీ ఇమ్యూనిటీ ప్యాకేజీ అని పరీక్షలు చేస్తోంది. తిప్పతీగ మాత్రలు మూడు నెలలు వాడి, ముందూ తర్వాతా ఆ పరీక్షలు చేయించుకుంటే పనిచేసిందో లేదో తెలుస్తుందా?
(ఒక ఉపాధ్యాయుడు, సూర్యారావుపేట, విజయవాడ)

జవాబు: తెలియదు. ఆ ప్యాకేజీలలో సాధారణంగా ఉండే సీబీసీ (రక్తకణాల లెక్క), విటమిన్ డి, ఐజీఈ (అలర్జీలో పెరిగే ప్రతిదేహం) వంటివి వేర్వేరు అవసరాలకు పుట్టిన పరీక్షలు. తెల్లకణాలు 4,000 నుంచి 11,000 వరకు ఉండవచ్చు. మీకు 6,200 నుంచి 7,800 అయితే అది బలం పెరగడం కాదు, మంచి నిద్ర లేకపోయినా, పంటి చిగురు వాచినా జరిగేదే. తరచుగా తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వచ్చేవారికి ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే ప్రతిదేహాలను కొలవడంలో అర్థం ఉంది, ఆరోగ్యవంతులకు లేదు.

మనుషులలో ఈ ప్రశ్నను అడిగే పద్ధతి మరొకటి ఉంది. ఒక బృందానికి అసలు మాత్రలు, మరొక బృందానికి చూడడానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి, ఇద్దరికీ హెపటైటిస్ బీ టీకా వేసి, ఎవరిలో ప్రతిదేహాలు ఎంత పెరిగాయో చూడవచ్చు. శరీరానికి నిజంగా ఒక పని అప్పగించి, దాన్ని ఎంత బాగా చేసిందో చూడడమే ఇందులోని మేలు. మన దేశంలో ఇటువంటి పరీక్షకు నైతిక సంఘం అనుమతి, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందస్తు నమోదు ఉండాలి.

తిప్పతీగ మీద ఉత్తుత్తి మందుతో పోల్చిన పరీక్షలు మన దేశంలో కొన్ని జరిగాయి. 2005లో వెలువడిన ఒక దానిలో ముక్కు అలర్జీ ఉన్న 75 మందికి ఎనిమిది వారాలు ఇచ్చినప్పుడు తుమ్ములు, ముక్కు కారడం బాగా తగ్గాయి. 2008లో వెలువడిన మరొకటి 68 మంది హెచ్ఐవీ రోగుల మీద ఆరు నెలలు సాగింది. అసలు మందు తీసుకున్నవారిలో 60 శాతం మంది, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 20 శాతం మంది తమ బాధలు తగ్గాయని చెప్పారు. అయితే రక్తపరీక్షలలోని కొలతలన్నీ ఆ మాటను బలపరచలేదని పరిశోధకులే రాశారు. నాకు ఈ పరీక్ష పట్ల గౌరవం ఉంది. ఉత్తుత్తి మందుతోనే ఐదుగురిలో ఒకరికి బాధ తగ్గిందన్న వాస్తవాన్ని మీ మూడు నెలల ప్రయోగానికి అన్వయించి చూడండి. మీ విషయంలో ఆ పోలిక బృందం ఉండదు.

ప్రశ్న: నా వయసు 58. కీళ్లవాతానికి ఆరేళ్లుగా వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నాను. కరోనా నాటి నుంచి పరగడుపున తిప్పతీగ రసం తాగుతున్నాను. మొన్నటి కాలేయ పరీక్షలో ఎస్‌జీపీటీ 142 వచ్చింది. రసం మంచిదే కదా, మందు ఆపేయనా?
(ఒక గృహిణి, కృష్ణలంక, విజయవాడ)

జవాబు: అమ్మా, ఆపవలసినది రసం, అది కూడా ఈ రోజే. ఈ వారం మెథోట్రెక్సేట్ వేసుకోవాలో వద్దో మీ కీళ్ల డాక్టరును అడిగి తేల్చుకోండి. రిపోర్టుతో పాటు రసం సీసాను కూడా తీసుకువెళ్లండి. ఎస్‌జీపీటీ మామూలుగా 40 లోపు ఉండాలి, మీది మూడు రెట్లు దాటింది.

మెథోట్రెక్సేట్ కాలేయాన్నీ మూలుగనూ ఇబ్బంది పెట్టగలదు. అందుకే రెండు మూడు నెలలకు ఒకసారి పరీక్షలు చేయిస్తారు. తిప్పతీగ విషయానికి వస్తే, 2021లో ముంబై వైద్యులు దాన్ని వాడిన తరువాత కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలు ప్రచురించారు. ఆ మరుసటి ఏడాది దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి 43 మంది రోగుల వివరాలు వెలువడ్డాయి. శరీరం తన కాలేయం మీద తానే దాడి చేసే తరహా హెపటైటిస్ వారిలో కనిపించిందని, మరుగున ఉన్న అటువంటి జబ్బును ఈ తీగ బయటికి తీస్తుండవచ్చని వారు రాశారు. ఆయుష్ శాఖ మొదటి నివేదికను తప్పుబట్టి, వారు వాడినది అసలు తిప్పతీగేనా అని ప్రశ్నించింది. ఆ ప్రశ్న సమంజసమైనదే. వాడినవారు ఎన్ని లక్షల మందో తెలియకుండా, ప్రమాదం ఎందరిలో ఒకరికి అన్న లెక్క ఈ నివేదికల నుంచి తీయలేము. కానీ మీది ఇప్పటికే రోగనిరోధక వ్యవస్థ దారి తప్పి కీళ్ల మీద పడిన జబ్బు. దాన్ని అణచడానికి ఒక మందు వేసుకుంటూ, దాన్ని రెచ్చగొట్టగలదని పేరున్న రసాన్ని రోజూ తాగడం ఏ లెక్కన చూసినా సరికాదు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో షుగరు మాత్రలు వాడేవారు ఎవరైనా మీతో పాటు రసం తాగుతుంటే వారికీ చెప్పండి, తిప్పతీగ చక్కెరను కూడా తగ్గించగలదు.

ప్రశ్న: వేప చెట్టు మీద పాకిన తిప్పతీగకే గుణం ఎక్కువంటారు. మా పెరట్లో అది మామిడి మీద పాకింది. పనికిరాదా?
(ఒక రైతు, గొల్లపూడి)

జవాబు: వేప మీది తీగ శ్రేష్ఠమన్నది చాలాకాలంగా ఉన్న మాట. అయితే తిప్పతీగ బదనిక వంటిది కాదు. చెట్టు కొమ్మలోకి వేళ్లు దింపి రసం పీల్చదు, నేలలోని తన వేళ్లతోనే బతుకుతుంది. ఈ నమ్మకాన్ని పరీక్షించడం కష్టమేమీ కాదు. ఒకే తీగ నుంచి కోసిన ముక్కలను ఒకే నేలలో నాటి, కొన్నింటిని వేప మీదికి, కొన్నింటిని మామిడి మీదికి, కొన్నింటిని వట్టి వెదురు గడ మీదికి పాకించి, ఒకే నెలలో, ఒకే లావున్న కాండాలు కోసి వాటిలోని రసాయనాలను పోల్చాలి. ఒకే తీగ అనడానికి కారణం ఉంది: తిప్పతీగలో ఆడ మొక్కలు, మగ మొక్కలు వేరు, వేర్వేరు మొక్కలను పోలిస్తే ఆ తేడా కూడా మధ్యలో దూరుతుంది. ఏ చెట్టు మీద పాకిందన్న దానికంటే మీ విషయంలో నన్ను ఆలోచింపజేస్తున్నది వేరొకటి. మామిడికి పూత సమయంలో పురుగుమందు కొడితే అది తీగ మీదా పడుతుంది. మందు కొట్టే చెట్టు మీది తీగను కషాయానికి కోయవద్దు. ఒక ముక్క తీసుకొని, మందు పడని చోట కంచె పక్కన నాటుకోండి, కాండం ముక్క నుంచి సులువుగా చిగురిస్తుంది.